మంగళం దాకా

జగ్గయ్యపేట దగ్గర సున్నపురాయి క్వారీలో టిప్పర్లు తూకం వేసేది ప్రేమదాసు. డ్యూటీ దిగాక హార్మోనియం ముందు కూర్చుని డ్రైవర్లకు పద్యనాటకాలు నేర్పుతాడు. ఎడమ కనుబొమను చీలుస్తూ పాత గాటు. కీసరలో ఒకసారి వాన పడిందని చివర్లో మంగళం పాడకుండా తెర దించేశారు. ఆటలో చచ్చినవాడి తరఫున కొందరు, చంపినవాడి తరఫున కొందరు హైవే మీదే రాళ్లు రువ్వుకున్నారు. అందులో ఒకటి అతనికి తగిలింది.

అప్పటినుంచి కొత్తవాళ్లకు మొదట మంగళమే నేర్పుతాడు. ఆ వరస వినపడగానే ఆయుధాలు కింద పెట్టి చేతులు జోడించాలి. చచ్చినవాడు లేచి, చంపినవాడి పక్కన నిలబడి పాడాలి.

"చావుతో కథ అయిపోద్దని ఎవడన్నాడ్రా? పడినోడు లేస్తేనే అయిపోద్ది."

ఆ డ్రైవర్లలో ఒకడు చంద్రమౌళి, ఒకరోజు ఫోన్లో మాట్లాడుతూ టిప్పరు వెనక్కి తీసి, మేనకోడలు ఆమని కాలు మీదికి ఎక్కించాడు. ఆసుపత్రిలో మోకాలి దాకా కోసేశారు. స్టేషన్లో మాత్రం "పిల్లే అడ్డమొచ్చింది" అని చెప్పాడు. ఆమని తండ్రి వీరరాఘవయ్యదీ అదే క్వారీ, అదే నాటక బృందం. బావమరిదితో మాటలు మానేశాడు.

ప్రేమదాసు తను రాసిన నాటకంలో చంద్రమౌళికి రాజు వేషం, ఆ రాజును గదతో కూల్చే సేనాపతి వేషం వీరరాఘవయ్యకు ఇచ్చాడు.

"ఒక్కసారి పక్కపక్కన నిలబడి మంగళం పాడండయ్యా. మనసులు అవే మెత్తబడతాయి."

"నిలబడతాంలే మేస్టారూ," అన్నాడు వీరరాఘవయ్య. "వాడికి నిలబడే ఓపికుంటే."

నందిగామలో మధ్యాహ్నం పోటీ. అట్ట గదలో వీరరాఘవయ్య ఇనుపగొట్టం దూర్చుకొచ్చాడు. మొదటి దెబ్బకే తొడ ఎముక విరిగిన చప్పుడు ముందు వరసదాకా వినపడింది. రాజు నేలకూలి అరుస్తుంటే జనం ఈలలు వేశారు.

"ఏం చేస్తున్నాడ్రా! అచ్చం చచ్చేవాడిలాగే!"

రెండో దెబ్బ మోచేతిని పగలగొట్టింది. నెత్తురు స్టేజీ చెక్కల మీద పాకింది. గద తలమీదికి లేచింది.

"అడ్డమొచ్చిందా? నా కూతురే అడ్డమొచ్చిందారా?"

ఆ మాట తను రాయలేదని ప్రేమదాసుకు తెలుసు. లేచి వెళ్లేలోపు గద దిగిపోతుంది. హార్మోనియం మీద అతని వేళ్లు మంగళం వరస అందుకున్నాయి. పక్కనున్న వంతపాటవాళ్లు అలవాటుకొద్దీ గొంతు కలిపారు.

వీరరాఘవయ్య చేతులు గాల్లోనే ఆగాయి. గద నేలకు దిగింది. చేతులు వాటంతటవే దగ్గరకొచ్చాయి.

"ఫోన్లో ఉన్నా బావా," అన్నాడు చంద్రమౌళి, నొప్పికి కొరుక్కున్న పెదవి నెత్తురుతో. "పిల్లని చూళ్లేదు. స్టేషన్లో అబద్ధం చెప్పా. లేపు నన్ను."

 వీరరాఘవయ్య వంగి, చంకల కింద చేతులు వేసి లేపాడు. విరిగిన కాలు వేలాడుతుంటే చంద్రమౌళి మళ్లీ కేక పెట్టాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు.

పాట అయిపోయింది. ప్రేమదాసు మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. గద ఇంకా వీరరాఘవయ్య కాళ్ల దగ్గరే ఉంది. పోలీసు వచ్చి దాన్ని తీసేదాకా ప్రేమదాసు వేళ్లు ఆపలేదు.