ఎడమ సీటు

ఇప్పటి కార్లను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తలుపు వేస్తే బయటి లోకం వినపడదు, అద్దం దించితే దుమ్మని గోల. నలుగురు పక్కూరికి పోవడానికి అంత ఇనుము ఎందుకో నాకు అర్థం కాదు. నేను నడిపిన కారుకు తలుపులు లేవు, పైకప్పు లేదు. చివరికి ఎడమ సీటు కూడా లేకుండా చేశాను. ఆ కారు మీద బెంగ నాకు ఇంకా తీరలేదు. అందులోనూ ఆ ఎడమ సీటు మీద బెంగ ఎక్కువ.

అరవైల మొదట్లో జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు పక్కన నాకొక మరమ్మతు షెడ్డు ఉండేది. లారీలే నా బతుకు. కోహీర్ వైపు చెరుకు పండించే ఒక ఆసామి కొడుకు విలాయతులో చదువు ముగించి వస్తూ మూడు చెక్కపెట్టెల్లో ఒక కారును విడిభాగాలుగా తెచ్చుకున్నాడు. సొంతంగా బిగించుకునే స్పోర్ట్స్ కార్లు అక్కడ అలా అమ్ముతారట. ఉక్కు గొట్టాల చట్రం, అల్యూమినియం రేకులు, సంచుల కొద్దీ బోల్టులు, ఒక చిన్న పుస్తకం. ఇంజను మాత్రం మనమే వెతుక్కోవాలి. తీరా ఇంటికి చేరాక ఆ అబ్బాయికి పెట్టెల మేకులు పీకే ఓపిక కూడా లేకపోయింది. వాళ్ళ రెండు లారీల ఇంజన్లు బాగుచేసినందుకు నాకు కూలి వద్దు, ఆ పెట్టెలు ఇవ్వండి అన్నాను.

ఆ ఆసామి నన్ను ఎగాదిగా చూసి, "నీకేమన్న దయ్యం పట్టిందా మిస్త్రీ?" అన్నాడు.

పట్టింది మరి. హైదరాబాద్ పాత సామాన్ల బజారులో ఒక చిన్న కారు ఇంజను దొరికింది. ఆరు నెలలు, లారీ పనులు అయ్యాక, నేనూ నా భార్యా ఆ కారు బిగించాం. నా భార్య నా మేనమామ కూతురే, మొగుడంపల్లి పిల్ల. నన్ను బావ అనే పిలిచేది. రేకుకు నేను ఇవతల నుంచి రివెట్టు కొడుతుంటే అవతల ఇనుప దిమ్మె ఆనించి పట్టుకునేది ఆమే. చేతులు అదిరిపోతున్నా వదిలేది కాదు. ఉండేవి రెండే సీట్లు. నడిపేవాడి కుడి సీటు పెట్టెలో వచ్చింది, ఎడమది రాలేదు. రేకుతో నేనొక తొట్టి చేస్తే, ఆమె కొబ్బరిపీచు, దూది కూరి, ఎర్ర రెక్సిన్ తొడిగి, దబ్బనంతో కుట్టింది. కుట్టు పూర్తయ్యాక అందులో కూర్చుని చూసుకుంది.

"మెత్తగనే కుదిరింది బావ. జామకాయల దినాలల్ల నన్ను కోహీర్ జామతోటల దాంక తీస్కపోవాలె" అంది.

"నిన్ను కాకపోతే ఎవర్ని తీస్కపోత?" అన్నాను.

నంబరు ఇచ్చే ఆఫీసులో అధికారి కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, "మిగిలిన బండి యాడుందయ్యా?" అని అడిగాడు. ఊళ్ళో దానికి సగం మోటరు అని పేరు పెట్టారు. వాళ్ళకేం తెలుసు. పొద్దున్నే బొంబాయి రోడ్డు ఎక్కితే వేపచెట్లు రెండు వైపులా ఉరికేవి, నేల నా మోచేతికి జానెడు దూరంలో పోయేది. అంత సంతోషం నేను మళ్ళీ ఎరగను. మొదటి వారాలు ఒంటరిగానే తిప్పాను. కొత్త బండి, తోవలో ఆగిపోతే ఆడమనిషితో ఇబ్బంది అని చెప్పాను. అది నిజమే.

అప్పుడు తగిలారు ఆ ఇద్దరు. ఒకాయన బీదర్ పళ్ళ డాక్టరు, పాత ఓపెన్ కారు ఒకటి చెక్కి చెక్కి పందెపు బండిలా చేసుకున్నాడు. ఇంకొకాయన హుమ్నాబాద్ పప్పుల వ్యాపారి, పాడుబడ్డ చట్రం మీద తన బండి తానే కట్టుకున్నాడు. ఆదివారం ఆదివారం ముగ్గురం చిరాగ్‌పల్లి చాయ్ హోటలు దగ్గర కలిసేవాళ్ళం. మాకు ఒకటే జబ్బు, బరువు తీయడం. బలమైన ఇంజను కొనే తాహతు ఎవరికీ లేదు, కాబట్టి ఉన్న బండినే తేలిక చేయాలి. ఆ వారం బండిలోంచి ఏం పీకామో దాన్ని జహీరాబాద్ బెల్లం బజారుకు తెచ్చి, అడ్తి దుకాణంలోని పెద్ద కాంటా మీద తూచడం మా ఆనవాయితీ. ఎవరిది తక్కువ తూగితే వాళ్ళు చాయ్ తాగించాలి. ఆ తర్వాత రోడ్డు మీద బండ్ల పందెం.

డాక్టరు స్టెప్నీ చక్రం పీకేశాడు. వ్యాపారి హారను పీకేసి, ఎద్దులబండి అడ్డమొస్తే తానే "హో" అని అరిచేవాడు. నేను బ్రేకు పెడలుకు జల్లెడలా చిల్లులు వేశాను. పందెం రోజు పొద్దున ముగ్గురం ఏమీ తినేవాళ్ళం కాదు. "నడిపేటోని కడుపు గూడ బండి బరువే మిస్త్రీ" అనేవాడు డాక్టరు. ఆ మాట ఇంట్లో చెప్పి పొట్ట పట్టుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు, వింది.

ఒక ఆదివారం నాకు పీకడానికి ఇంకేమీ కనపడలేదు. ఎడమ సీటు కనపడింది. నాలుగు బోల్టులు విప్పి బజారుకు పట్టుకుపోయాను. ఎనిమిది కిలోలు తూగింది. డాక్టరు నా వీపు తట్టాడు. ఆ వారం జహీరాబాద్ పొలిమేర నుంచి చిరాగ్‌పల్లి దాకా, డాక్టరు గడియారం సాక్షిగా, నేనే ముందు చేరాను. ఇంటికొచ్చి ఆ ముచ్చటే చెప్పాను. సీటు షెడ్డులో మూల పడి ఉంది.

"మరి జామకాయలకు ఎట్ల పోతం బావ?" అంది.

"ఈ పందాలు ఒడువనీ. సీటు బరువు, మీద నువ్వు."

"నేనెంత బరువుంట?"

"ఏమో, యాభై కిలోలుంటవు. గంత బరువు ఏస్తే గుట్ట ఎక్కేతప్పుడు ఇంజను ఏడుస్తది."

తమాషాకే అన్నాను. మళ్ళీ ఆమె ఆ ఊసెత్తలేదు. మరిచిపోయింది కాబోలు అనుకున్నాను. తప్పించుకున్నాననీ అనుకున్నాను, దాచడమెందుకు. జామకాయల కాలం ఒకటి పోయింది, రెండోదీ వచ్చింది. ఆదివారం వస్తే నా కాళ్ళు ఇంట్లో నిలిచేవి కావు. నేను తిని లేచాక ఆమె వంటింట్లో తినేది, మా ఇళ్ళల్లో అదే పద్ధతి. ఏం తినేదో, ఎంత తినేదో నేనెన్నడూ చూడలేదు.

తర్వాత గేరుబాక్సులో పళ్ళు విరిగాయి. ఆ ఇంజనుకు సామాను హైదరాబాద్‌లో లేదు, బొంబాయిలో లేదు. వెతికి వెతికి ఉసూరుమన్నాను. చివరికి ఇలాంటి బండ్ల పిచ్చి ఉన్న బొంబాయి ఆయనొకడు బండి కొనుక్కుంటానని లారీ తెచ్చుకుని వచ్చాడు. వేరే గేరుబాక్సు తెచ్చి ఎలాగో అతుకుతానన్నాడు. బండి చుట్టూ తిరిగి, ఎడమ వైపు చూసి, "సీటు ఏది? నా భార్య కూర్చోవాలి" అన్నాడు హిందీలో. షెడ్డు మూల నుంచి తెచ్చి, దుమ్ము దులిపి, నేనే బిగించాను. నాలుగు బోల్టులు. పది నిమిషాలు కూడా పట్టలేదు. గడప దగ్గర నిలబడి ఆమె చూస్తూనే ఉంది. లారీ కదిలాక లోపలికి వెళ్ళి పొయ్యి ముట్టించింది.

వారం తిరిగాక ఇంట్లోకి బెల్లం కొందామని బజారుకు పోయాను. అడ్తి దుకాణంలో కాంటా పట్టే ముసలాయన నన్ను కూర్చోబెట్టి అడిగాడు.

"మీ ఇంటామె ఈ నడ్మ వస్తలేదేం మిస్త్రీ?"

"ఆమె ఈడికి ఎందుకొస్తది తాతా?"

"జోకుకోనీకి. బెల్లం కోసమని వచ్చి, మంది లేనప్పుడు కాంటల కూసునేది. మొదలు నలభై ఎనిమిది కిలోలుండె. ఆఖరికి నలభై రెండుకు దిగింది. పానం మంచిగ లేదా బిడ్డా, దవాఖానకు పోరాదు అన్న. నవ్వింది. ఇంక రెండు దిగితే సాలు తాతా అన్నది."

బెల్లం అక్కడే వదిలేసి వచ్చాను. ఆ రెండూ దిగితే ఎనిమిది, సరిగ్గా ఆ సీటు బరువు. దారి పొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను. ఆ కారులోని ప్రతి బోల్టు బరువూ నాకు కంఠతా వచ్చు. నా ఇంట్లో మనిషి ఆరు కిలోలు తగ్గితే నా కంటికి ఆనలేదు. థూ, అదీ ఒక బతుకేనా.

ఆ పూట నేను ముందు తినలేదు. ఆమెను పక్కన కూర్చోబెట్టి, రెండు జొన్నరొట్టెలు ఆమె పళ్ళెంలో వేసి, పైన నెయ్యి పోశాను. అంచు దాటి కొంత కింద ఒలికింది.

"ఏంది బావ, గింత నెయ్యి?"

"తిను."

ఆమె నా ముఖం చూసింది. తెలిసిపోయిందని ఆమెకు అర్థమైంది. రొట్టె తుంచి నెయ్యిలో అద్దుకుంది.

"తింట తియ్. ఇగ తింటే ఏమైతది, బండి పోయింది గద" అంది.

ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. ఉంటే నాకు కాస్త ఊరటగా ఉండేది.

కోహీర్‌కు పోయాం, ఆ జామకాయల దినాల్లోనే, బస్సులో. కిటికీ పక్కన ఆమెను కూర్చోబెట్టాను. బస్సు ఊరు దాటాక గాలికి కొంగు ఎగిరి నా ముఖానికి తగిలింది. ఆమె కళ్ళు మూసుకుని కొంతసేపు అలాగే ఉండి, నా వైపు తిరిగింది.

"నీ బండిల గూడ గాలి గిట్లనే కొట్టేదా బావ?"

"గిట్లనే" అన్నాను.

అబద్ధమే చెప్పాను. ఆమె పోయి నాలుగేళ్ళయింది. ఆ గాలి ఎలా ఉండేదో ఆమెకు చివరిదాకా తెలియదు.