టర్నరు నేర్చిన ఒత్తులు

టర్నరుకు కాలు ఒకచోట నిలవదు. ముప్ఫై ఎనిమిదేళ్లు ఫ్యాక్టరీలో ఇనుము చెక్కే లేత్ మిషన్ ముందు నిలబడ్డాడంటే అది కడుపు కోసం. రిటైరయ్యాక, అందులోనూ భార్య పోయాక, హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి కాలుగాలిన పిల్లిలా ఒకటే తిరుగుడు. చివరికి భిక్షువునైపోతానని కూర్చున్నాడు.

విహారంలో పెద్ద భిక్షువు కాదనలేదు. "శరణు మాటలు పాళీలో పలకాలి. బుద్ధంలో, ధమ్మంలో, సంఘంలో ఒత్తు తప్పితే దీక్ష చెల్లదు. ఆదివారం వినిపించండి," అన్నారు.

మనలో ఒత్తులు పలికేవాళ్లెందరు లెండి! ధర్మాన్ని దర్మమనేసి దర్జాగా బతికేస్తున్నాం. ఇతనికైతే ద, ధల తేడా వినపడనే వినపడదు. మిషన్ రొద ఎప్పుడో చెవులు తినేసింది. అందుకని కూతురే గురువైంది. రోజూ ఆఫీసుకెళ్లే ముందు బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ వినేది. "ఇంకా రాలేదు నాన్నా," అనేది.

శుక్రవారానికి టర్నరుకు పిచ్చెక్కినంత పనైంది. చెవులు లేకపోతేనేం, చేతులున్నాయిగా! నోటి ముందు అరచెయ్యి పెట్టుకున్నాడు. వెంట్రుకవాసి తేడాలు పట్టిన చెయ్యది. ద అంటే ఊపిరి తగల్లేదు. ధ అంటే వెచ్చగా తగిలింది. పదిసార్లు పలికితే పదిసార్లూ తగిలింది.

"రాలేదు నాన్నా," అంది కూతురు, కాలరు మీంచి కళ్లెత్తకుండా.

ఇస్త్రీపెట్టె పక్కనపెట్టించి, ఆమె చెయ్యి లాగి తన నోటి ముందు పెట్టుకున్నాడు. "ధమ్మం. తగిలిందా?"

"తగిలింది."

"మరి?"

"మంగళవారమే వచ్చేసింది." ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "అమ్మ పోయి ఏడాదన్నా కాలేదు. నువ్వూ వెళ్లిపోతే ఈ ఇంట్లో నేనెవరితో మాట్లాడను?"

టర్నరుకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండు రోజులు తిండి సహించలేదు.

ఆదివారం పెద్ద భిక్షువు ముందు మోకరిల్లి అన్నీ చప్పగా పలికాడు. ఒక్క ఒత్తూ వెయ్యలేదు.

"వచ్చే ఏడాది చూద్దాం," అన్నారాయన.

గుమ్మం దగ్గరున్న కూతురు ఆగలేకపోయింది. "మా నాన్నకొచ్చు భంతే! నా కోసం రానట్టు పలుకుతున్నాడు. ఇంకోసారి వినండి!"

టర్నరు వెనక్కి తిరిగి చూశాడు.

"పలుకు నాన్నా," అందామె, కళ్లు తుడుచుకోకుండానే.

పలికాడు. ఒక్క ఒత్తూ తప్పలేదు.

సాయంత్రం ఆమె ఒక్కతే బస్సెక్కింది.