జవాబులో రెండు మడ్‌గార్డులు

1964 వానాకాలం మొదట్లో నన్ను తుంగభద్ర ఎడమ కాలువ మీద జవళగేర సెక్షనుకు ఓవర్సీరుగా వేశారు. సెక్షనంటే కాలువలో కొంత ముక్క, దాని తూములు, గట్లు, ఆ గట్ల మీద తిరిగే మనుషులు. ఈ మొత్తానికీ నేను అధికారిని. మీసం ఇంకా సరిగా రాలేదు, డిప్లొమా మాత్రం వచ్చింది. మావాళ్ళు కోస్తా నుంచి వచ్చి, క్యాంపులనే కొత్త ఊళ్ళు కట్టుకుని, పక్కనే వరి వేస్తున్నారు కాబట్టి భోజనానికి లోటు లేదు. లోటల్లా అర్థం కావడం దగ్గరే. పైనుంచి కాగితాలు ఇంగ్లీషులో వచ్చేవి. కిందివాళ్ళు నిజాం కాలంలో ఉర్దూ చదువుకున్నవాళ్ళు. మధ్యలో మా గుమాస్తా శివణ్ణ కన్నడంలో విసుక్కునేవాడు.

ఆ వానల్లోనే ఒక ఉత్తర్వు వచ్చింది. వర్క్‌చార్జ్‌డ్ సిబ్బంది, అంటే పని ఖర్చులోంచే జీతం తీసుకునే తాత్కాలికులు, పని పూర్తయితే ఇంటికి పోవాలి. కాలువ పని పూర్తవుతోంది. వాళ్ళలో కొందరిని నిర్వహణ విభాగంలో ఖాయం చేస్తారు, కాని ముందు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఎదుట ఇంగ్లీషులో నోటి పరీక్ష నెగ్గాలి. ఏం అడుగుతారో ఉత్తర్వులో లేదు. ఇంగ్లీషే ఎందుకో కూడా లేదు. నీళ్ళు ఏ భాషలో వదిలినా పారతాయి కదా అన్నాను. శివణ్ణ నవ్వకుండా ఫైలు కట్టేశాడు.

మా సెక్షను నుంచి పరీక్షకు వెళ్ళవలసినవాడు నర్సప్ప. వర్క్ ఇన్‌స్పెక్టరు, మట్మారి అనే ఊరి మనిషి, నాకంటే బాగా పెద్దవాడు. నేను ‘నర్సప్ప గారూ’ అని పిలిస్తే వెనక్కి తిరిగి ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసేవాడు. ఈ ఉద్యోగం పోతే ఊళ్ళో ఏం చేస్తారని అడిగాను.

“అన్న చేన్ల కూలికి నిలవడాలె సార్. ఆయనకు నాకు మాటల్లేవు. మాటల్లేకుండ కూలి ఎట్ల అడుగుత?”

కొన్నాళ్ళకు శివణ్ణ ఒక కబురు తెచ్చాడు. పక్క సబ్‌డివిజన్‌లో పరీక్ష జరిగిందట. ఒకాయనను సైకిలు గురించి అడిగారట, ఆయన నెగ్గాడట. సైకిలు గురించి ఏమడిగారంటే శివణ్ణకు తెలియదు. ఎవరికీ తెలియదు. అయినా కాలువ పొడవునా జనం సైకిలు చదవడం మొదలుపెట్టారు. ఏ తూము దగ్గర చూసినా ఒక మనిషి కళ్ళు మూసుకుని ‘మై బైసికిల్, మై బైసికిల్’ అంటూ ఉండేవాడు. షట్టరు ఎత్తడానికి ఇప్పుడు ఈ మంత్రం కూడా కావాలేమోనని రైతులు ఓపిగ్గా నిలబడేవారు.

నర్సప్పకు జవాబు రాసిపెట్టే పని నాది. బళ్ళో మేం నేర్చుకున్న పద్ధతిలోనే రాశాను. నా సైకిలుకు రెండు చక్రాలున్నవి, ఒక గంట ఉన్నది, ఒక దీపం ఉన్నది, రెండు మడ్‌గార్డులున్నవి, నేను ప్రతిరోజూ దాన్ని తుడుస్తాను. ఇలాంటి సైకిలు ఆ తాలూకాలో ఎక్కడా లేదు. కాని పరీక్ష జవాబులో ఉండే సైకిలు అలాగే ఉండాలని నాకు ఎలాగో తెలుసు.

సాయంత్రాలు సెక్షన్ ఆఫీసు వరండాలో సాధన. నర్సప్ప చక్రాలు దాటేవాడు, గొంతు సవరించుకుని గంట, దీపం కూడా దాటేవాడు. మడ్‌గార్డుల దగ్గర ఆగిపోయేవాడు. రోజూ అక్కడే. నాలుక తిరగడం లేదనుకుని ఆ మాటను ముక్కలు చేసి పలికించాను. ముక్కలన్నీ చక్కగా పలికి, కలిపి చెప్పమంటే మళ్ళీ నోరు మూసేశాడు. నాకేమీ అర్థం కాలేదు. చివరికి ఆయనే చెప్పాడు.

“నా బండికి మడ్‌గార్డుల్లేవు గద సార్. లేనిది ఉందని సర్కారు ముంగట ఎట్ల చెప్త?”

నిజమే. అక్కడంతా నల్లరేగడి. వాన పడితే ఆ మట్టి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య దిగబడి సైకిలు కదలదు. అందుకని గట్టు మీద తిరిగేవాళ్ళంతా వానలకు ముందే మడ్‌గార్డులు విప్పేస్తారు. ఆయన బండికి గంట, దీపం కూడా లేవు కదా, వాటిని ఎలా చెబుతున్నారని అడిగాను. అవి ఎవరినైనా అడిగితే దొరుకుతాయట, వానల్లో మడ్‌గార్డులు గట్టు మీద ఎవరి బండికీ ఉండవట. సరే, ఆ వాక్యం వదిలేయమన్నాను. ఒకటి ఇడిస్తే ఎనకవి రావు సార్, గొలుసు తెగినట్లయితది అన్నాడు.

జవాబు మార్చడానికి వ్యవధి లేదు కాబట్టి సైకిలు మార్చాం. గంట శివణ్ణ ఇచ్చాడు. దీపం తూములు ఎత్తి దించే ఒక లస్కరుది. మడ్‌గార్డుల కోసం మా క్యాంపులో వెంకాయమ్మ గారి దగ్గరికి వెళ్ళాం. సంగతంతా విని ఆవిడ అన్న మాట ఇది: “మా ఆయన ఊళ్ళో లేరు, ఆయన సైకిలువి విప్పి పట్టుకుపొండి. నర్సప్ప పోయి ఎవడో కొత్తవాడొస్తే మా చివరి మడికి నీళ్ళెవడిస్తాడు? తెచ్చేటప్పుడు కడిగి మరీ తేవాలి.”

పరీక్ష సింధనూరు ఇన్‌స్పెక్షన్ బంగళాలో. మనిషిని గుర్తుపట్టడానికి సెక్షన్ అధికారి హాజరు కావాలి కాబట్టి నేను బస్సులో వెళ్ళాను. నర్సప్ప గట్టు దారిన సైకిలు మీద బయలుదేరాడు. చూపించమంటే చూపించడానికి సైకిలు ఉండాలి కదా అన్నాడు. నాకూ అది సబబుగానే తోచింది. దారిలో వాన పట్టుకుంది.

ఆయన పేరు పిలిచారు, దాటేశారు. మిగతావాళ్ళంతా అయిపోయారు. ఇంజనీరు గారు టోపీ పెట్టుకుని వరండాలోకి వచ్చేసరికి మెట్ల దగ్గరికి ఒక మట్టిముద్ద నడిచి వచ్చింది. దాని భుజం మీద ఇంకో మట్టిముద్ద, సైకిలు ఆకారంలో. ఆ మనిషిని గుర్తుపట్టడం నా విధి. హ్యాండిల్ మీద శివణ్ణ గంట చూసి గుర్తుపట్టాను.

ఎందుకు ఆలస్యమని ఇంజనీరు గారు ఇంగ్లీషులో అడిగారు. నర్సప్ప నావైపు చూశాడు. ఆ ప్రశ్న మా పాఠంలో లేదు. నేను స్తంభం వైపు చూశాను.

“సర్. మై బైసికిల్ హాజ్ టూ మడ్‌గార్డ్స్,” అన్నాడు నర్సప్ప. అది తడబడకుండా రావడం అదే మొదటిసారి. ఇంజనీరు గారు ముఖం చిట్లించారు. నర్సప్ప ఆగలేదు. “టుడే రెయిన్. మడ్‌గార్డ్ ఫుల్ మడ్. వీల్ నో గో. బైసికిల్ సిట్ ఆన్ మీ. ఐ వాక్.”

మరి మడ్‌గార్డులు విప్పెయ్యకపోయావా అని ఆయన అడిగారు.

“సర్, ఆన్సర్ హాజ్ టూ మడ్‌గార్డ్స్.”

ఇంజనీరు గారు నన్ను చూశారు, సైకిలును చూశారు. పొద్దుటి నుంచి వచ్చిన ప్రతివాడూ అడక్కుండానే సైకిలు సంగతి అప్పజెబుతున్నాడు, ఏమిటీ గొడవని కన్నడంలో నన్నే అడిగారు. చివరికి ఆయనే, అడిగినదానికి జవాబిచ్చినవాడు ఇవాళ ఇతనొక్కడే అని, పాస్ రాసి జీపెక్కారు.

నర్సప్ప మెట్ల దగ్గర్నుంచి కదలలేదు.

“సైకిల్ సవాల్ ఇంగ అడగలే గద సార్?”

అయిపోయిందన్నాను.

“ఎట్లయిపోతది? గంట దాంక పోనేలేదు.”

తర్వాత ఒకసారి జీపు డ్రైవరు దొరికితే పక్క సబ్‌డివిజన్ సంగతి అడిగాను. అక్కడ ఎవరో తన సైకిలును జీపుకు ఆనించి పెట్టాడట. ఈ సైకిలు ఎవరిదని ఇంజనీరు గారు కేక వేశారట. అది పరీక్ష కాదు. ఆ సైకిలాయన తర్వాత వేరే ప్రశ్నలకు జవాబులు చెప్పి నెగ్గాడు.

నర్సప్ప నిర్వహణ విభాగంలో ఖాయమయ్యాడు. ఒక మడ్‌గార్డు వంకరపోయింది, వెంకాయమ్మ గారు భర్తకు ఏం చెప్పారో నేను అడగలేదు. తర్వాతి సర్వీసులో నా కిందివాళ్ళు చాలామంది నోటి పరీక్షలకు వెళ్ళారు. ఎవరికీ జవాబులు రాసివ్వలేదు. వానాకాలమైతే మాత్రం, బయలుదేరే ముందు మడ్‌గార్డులు విప్పమని చెప్పేవాణ్ణి.