పెద్దబాపు తాగేసిన నా ప్రసంగం

ఆ రోజుల్లో మాకు కరువుకూ భక్తికీ మధ్య గీత ఎక్కడుందో తెలిసేది కాదు. డెబ్బైల చివర్లో, వానలు మొహం చాటేసిన ఏడాది మాట. శ్రమదినాలు మొదలయ్యేసరికే వరంగల్‌లో మా కాశిబుగ్గ బావులు అడుగు చూపించాయి. ఈస్టరుకు ముందు నలభై రోజులు ఎవరికి ఇష్టమైనది వాళ్లు మానుకోవాలని పాస్టరయ్య చెప్పేవారు. ఆ ఏడు మానుకోవడానికి ఎవరి దగ్గరా పెద్దగా ఏమీ మిగల్లేదు. నూలు దొరక్క మగ్గాలు ఆగాయి, సంఘంలో సగం మంది పనే మానుకుని కూర్చున్నారు. మా పెద్దమ్మ చాయ్ మానేశానని అందరి ముందూ సాక్ష్యం చెప్పింది. (ఇంట్లో చక్కెర లేదన్న సంగతి మాత్రం సాక్ష్యంలోకి రాలేదు. నేనేదీ మరచిపోను.) అయినా సాయంత్రాలు ఇంటింటి ప్రార్థనల్లో పాటలు ఎన్నడూ లేనంత గట్టిగా లేచేవి. కడుపు ఖాళీగా ఉంటే ఊపిరికి చోటెక్కువేమో.

ఇక నాకు జరిగిన అన్యాయం. గుడ్ ఫ్రైడే నాడు మిట్టమధ్యాహ్నం నుంచి మూడింటిదాకా, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగించాలి. ఎవరికే మాటో పంచేది సంఘపెద్ద. ఆ సంఘపెద్ద మా నాన్నకు సొంత అన్న, మా పెద్దబాపు. అప్పుడే బడిలో పంతులుగా చేరిన నాకు రెండో మాట కావాలి. పక్క సిలువ మీద దొంగకు పరదైసులో చోటిచ్చిన మాట అది. అందులో కథ ఉంది, దొంగ ఉన్నాడు, చెప్పడం వచ్చినవాడు చెబితే జనం కళ్లలో నీళ్లూ ఉన్నాయి. పెద్దబాపు దాన్ని తన అల్లుడికిచ్చి, నాకు ఐదోది పడేశాడు. దాహమైందన్న మాట.

"గది ఒక్క ముక్కనే గద పెద్దబాపూ!" అన్నాను.

"నీకు గదే ఎక్కువరా. దొంగ గురించి మా అల్లుడు మంచిగ చెప్తడు."

"అవ్ మరి, దొంగల సంగతి ఆయనకే తెల్వాలె," అన్నాను. (ఇది వీధి మలుపు తిరిగాక అన్నాను.)

పెద్దబాపు ముందు బల్ల మీద ఒక ఇత్తడి గంట, అరచేతిలో గడియారం ఉండేవి. సమయం దాటితే ఠంగుమని కొట్టేవాడు. అంతకుముందు కోతపండుగనాడు నేను అందరికీ వందనాలు చెప్పడం పూర్తికాకముందే కొట్టాడు. అందుకని ఈసారి గంట మీదికి ఆయన చెయ్యే రాకుండా మాట్లాడాలని పంతం పట్టాను. ప్రసంగానికి మూడు భాగాలు: శరీర దాహం, లోక దాహం, ఆత్మ దాహం. ప్రాణమంతా మూడోదానిలో ఉంది. ఖిలా వరంగల్ వెళ్లి పడిపోయిన రాతిస్తంభాల మధ్య నిలబడి సాధన చేశాను. అక్కడ గొర్రెలు కాసే ముసలాయన ఒక్కడే ఆ మూడో భాగం విన్నాడు. విని, "బాగున్నది, కని ఒకటి రెండు గొర్లు బెదిరినయ్," అన్నాడు.

ఆ రోజు రేకుల కప్పు కింద గుడి నిండిపోయింది. మూడింటిదాకా మంచినీళ్లు కూడా ముట్టకూడదని అందరి పట్టుదల. వీధికి కూడా వాక్యం వినబడాలని పాస్టరయ్య అద్దె మైకు పెట్టించి, దాని గొట్టాన్ని గేటు మీద కట్టించారు. నా వంతు వచ్చింది. ఎండిన నాలుక అంగిట్లో ఎలా అతుక్కుంటుందో చెప్పాను. పెదవులెలా పగులుతాయో చెప్పాను. ఒక్క చుక్క, ఒకే ఒక్క చుక్క ఇచ్చేవారు లేరా అని గొంతెత్తి అరిచాను. ఆడవాళ్లు పెదవులు తడుపుకున్నారు. పాటల బృందంలో ఒకరు ఇంకొకరి మీదికి ఒరిగారు. పెద్దబాపు గుటక మింగడం నా కళ్లారా చూశాను. గంట ముట్టుకోలేదు! గెలిచాననుకుని రెండో భాగంలోకి అడుగు పెట్టబోతుంటే బయట ఎడ్లబండి ఆగిన చప్పుడైంది.

ఆ ఎండాకాలమంతా దూరపు బావి నుంచి పెళ్లిళ్లకు డ్రమ్ముతో నీళ్లు తోలిన ముసల్మాను పెద్దమనిషి, మేమంతా నీళ్ల చాచా అనేవాళ్లం, గుమ్మంలో చెప్పులు విడిచి బకెట్టూ చెంబుతో లోపలికొచ్చాడు.

"ఎవరికేమైంది? ఎవరు పడిపోయిండ్రు?"

"ఎవ్వలు పడిపోలే చాచా, వాక్యం చెప్తాండు," అన్నారు పాస్టరయ్య.

"మైకుల గంతగనం మొత్తుకుంటాండు గద, ఒక్క చుక్క ఇచ్చేటోడు లేడని! పెండ్లోళ్ల నీళ్లు ఇటు మలిపిన. వాళ్లకు ఇంకో డ్రమ్ము తెస్త, ఫికర్ జెయ్యకుండ్రి." తిన్నగా నా దగ్గరికొచ్చి చెంబు చాచాడు. "జర తాగు బేటా. సగం పానం పోయినట్టున్నవ్."

తాగితే ప్రసంగ వేదిక మీదే నా ఉపవాసం పోతుంది. తాగకపోతే ఆ మనిషి మొహం చిన్నబోతుంది. అప్పుడు పెద్దబాపు లేచాడు. చాచాను మందలిస్తాడనుకున్నాను. వచ్చి ఆ చెంబు అందుకుని, తలెత్తి, చివరి చుక్కదాకా తాగి, మీసం తుడుచుకున్నాడు.

"గింత ప్రేమతోని తెచ్చిన నీళ్లు కాదంటె పాపం," అని సంఘానికి చెప్పి, వెనక్కి వెళ్లి గంట కొట్టాడు. ఠంగ్! "ఐదో మాట అయిపోయింది. అందరు తాగుండ్రి."

"పెద్దబాపూ, ఇంక రెండు భాగాలున్నయ్!"

"దాహం గురించి చెప్పుమన్న, చెప్పినవ్. నీళ్లొచ్చినయ్. ఇంకేం గావాల్రా?"

నా నీళ్లు తాగి, నా ప్రసంగం కూడా తాగేశాడు. ఆ తర్వాత గుడి ముందు జరిగింది గుడ్ ఫ్రైడే అంటే ఎవరూ నమ్మరు. బండి చుట్టూ దోసిళ్లే దోసిళ్లు. పెద్దమ్మ రెండుసార్లు వరుసలో నిలబడింది. (చూశాను.) పిల్లలు చల్లుకున్నారు, తెల్లచీరలు తడిశాయి. నెలల తరబడి నవ్వు మరచిన జనం ఆ రోజు సిగ్గుపడుతూనే నవ్వారు, పాస్టరయ్యతో సహా. మిగిలిన రెండు మాటలూ అయ్యేదాకా చాచా వెనకబల్ల మీద కూర్చుని విన్నాడు. వెళ్తూ నన్ను పక్కకు పిలిచాడు.

"బేటా, ఆఖరికి ఆయనకు నీళ్లిచ్చిండ్రా లేదా?"

"లేదు చాచా. పులిసిన రసం ఇచ్చిండ్రు."

"ఛీ, ఏం మనుషులు!" అని కళ్లు తుడుచుకుంటూ బండెక్కాడు. మూడో భాగంతో నేను రప్పించాలనుకున్న కన్నీళ్లు అవే. కాని అవి నా ప్రసంగానికి రాలేదు కాబట్టి లెక్కలోకి తీసుకోను.

పెద్దబాపు పోయాక గంట, గడియారం నా దగ్గరికొచ్చాయి. మొన్నటి గుడ్ ఫ్రైడేకి మా తమ్ముడి కొడుకు రెండో మాట అడిగాడు. దాన్ని మా అల్లుడికిచ్చి, వాడికి ఐదోది ఇచ్చాను. బాగానే చెబుతున్నాడు. అయినా చెయ్యి దానంతటదే లేచింది. ఠంగ్!

"పెద్దబాపూ, ఇంక మూడో భాగం ఉండె," అన్నాడు బయటికొచ్చాక.

"నాది గూడ ఇంక మిగిలే ఉన్నదిరా," అని గ్లాసుతో నీళ్లు అందించాను. ముట్టుకోలేదు. నన్ను జన్మలో మరచిపోనన్నట్టు ఒక చూపు చూసి వెళ్లిపోయాడు. ఒకప్పుడు ఆ చూపు ఎవరిదో నాకు తెలుసు. నవ్వొచ్చింది. ఆ నీళ్లు నేనే తాగేశాను.