వానకు సారీ

గ్రెనడా దీవిలో ఈ రోజు మమ్మల్ని బీచికి తీసుకెళ్తున్న వ్యాను డ్రైవరు, దారిలో వాన దంచికొట్టేసరికి పదే పదే సారీ చెప్పాడు.

కోయిలకుంట్ల నుంచి మాతో వచ్చిన మా అత్త, "ఏమంటాండాడప్పా?" అని నన్నడిగింది.

"వానతో మన టూరు పాడాయనని బాధపడ్తాండాడత్తా."

"వానకు ఎవరన్నా బాధపడ్తారా? ముందు బండి ఆపమను!"

చెప్పులు వ్యానులోనే విడిచి, దిగి, తడుస్తూ ఆకాశానికి దండం పెట్టింది. గొడుగుతో పరిగెత్తుకొచ్చిన డ్రైవరు చేత ఆ గొడుగూ మూయించింది. అందరం తడిసి, సముద్రం చూడకుండానే వెనక్కొచ్చాం.

ఇప్పుడు తల తుడుచుకుంటూ నా ఫోను వైపు చూసి, "మనూళ్లో చినుకన్నా పడిందేమో అడుగప్పా" అంటోంది.

ఊళ్లో ఉన్న మిమ్మల్నే అడుగుతున్నాను. పడిందా?