ఏసేబు చెమట లెక్క

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, ఒక వేసవి చివర, విజయవాడలో ఓ గుండె ఆసుపత్రి పునరావాస విభాగానికి నన్ను సీనియర్ ఫిజియోథెరపిస్టుగా వేశారు. గుండెపోటు నుంచి తేరుకున్నవాళ్లు మళ్లీ పాత పనికి పోవచ్చో లేదో పరీక్షించి కాగితం రాయడం నా పని. దాని మీద గుండె డాక్టరుగారు సంతకం పెడతారు. నా లెక్కను ఆయన మళ్లీ చూసేవారు కాదు. అది నాకు కాస్త గర్వంగానే ఉండేది.

తొక్కేవాళ్లు ఎంత బలం పెడుతున్నారో వాట్లలో చూపించే అక్కడి పాత సైకిల్ అప్పటికే మూలన పడింది. దాని బదులు ఎవరో దాత ఇచ్చిన జిమ్ సైకిల్ వచ్చింది. అది ఖర్చయిన క్యాలరీలు మాత్రమే చూపిస్తుంది. వాటిని వాట్లలోకి మార్చుకోవడం ఎంతసేపు అనుకున్నాను.

దాని మీద మొదట ఎక్కినవాడు ఏసేబు. పామర్రు దగ్గర రైస్ మిల్లులో ముఠా కూలీ. ముఠాలో ఎవరి వంతు బస్తాలు వాళ్లు మోయాలి, ఒకరు తగ్గితే ఆ బరువు పక్కవాళ్ల మీద పడుతుంది. అందుకని సర్టిఫికెట్ లేనిదే రావద్దని మేస్త్రి చెప్పాడట. యాభై కిలోల బస్తాతో చెక్క మీదుగా లారీ ఎక్కే ఆ కాసేపూ సుమారు మూడు వందల వాట్లు కావాలి. అతని బరువు, బస్తా బరువు, లారీ ఎత్తు, పట్టే సెకన్లు అడిగి నేనే కట్టిన లెక్క అది.

ఇరవై నిమిషాలు తొక్కి, ఇక నావల్ల కాదని ఆపాడు. తెర మీద వంద కిలోక్యాలరీలు. ఒక్కోదానికి 4,184 జౌళ్లు. మొత్తాన్ని పన్నెండు వందల సెకన్లతో భాగిస్తే దాదాపు మూడు వందల యాభై వాట్లు. పనికి పోవచ్చని రాయడం మొదలుపెట్టాను. ఏసేబు ముఖం వెలిగిపోయింది.

తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, ఆ వంద ఏంటండీ మేడమ్ గారూ అని అడిగాడు. ఒంట్లో ఖర్చయిన శక్తి అని చెప్పాను.

“మరి ఈ కారిన చెమట కూడా అందులోదేనాండీ?”

అవునన్నాను. అన్నాక నా కలం ఆగిపోయింది. ఒళ్లు ఖర్చు చేసే శక్తిలో పెడల్‌కు అందేది సుమారు నాలుగో వంతే, మిగతాదంతా వేడిగా పోతుంది. అది చదువుకునే రోజుల్లో నేర్చుకున్న పాఠమే. నేను ఇదివరకు వాడిన సైకిళ్లన్నీ నేరుగా పెడల్ దగ్గరి బలమే చూపేవి కాబట్టి ఇన్నేళ్లలో ఆ పాఠంతో నాకు పని పడలేదు. నాలుగుతో భాగిస్తే తొంభై వాట్లు కూడా రాలేదు. ఆ కాగితం ఇచ్చి ఉంటే ఇతను బస్తాతో లారీ చెక్క ఎక్కి ఉండేవాడు.

కాగితం చింపేసి, తప్పు నాదేనని చెప్పాను. ఏసేబు తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు.

“అడక్కుండా ఉంటే పోయేది గదండీ.”

బరువులు మోయరాదు, గోతాలు కుట్టవచ్చు అని రాశాను. మేస్త్రి అతన్ని కుట్టుపనిలో కూర్చోబెట్టాడు. మూడు నెలలకోసారి వచ్చి తొక్కేవాడు. ఎప్పుడూ నూట ముప్పై వాట్లు దాటలేదు. మోత పనికి మళ్లీ పోలేదు.

నా గుణకారం, భాగహారం రెండూ సరిగ్గానే ఉన్నాయి. ఆ అంకె దేన్ని కొలిచిందో నేను అడగలేదు, అతను అడిగాడు. ఆ తర్వాత మా పరీక్ష ఫారంలో క్యాలరీల పక్కన, వేడిగా పోయిన వంతు రాయడానికి ఒక గడి గీయించి, దానికి చెమట అని పేరు పెట్టాను. అది నిండకుండా ఏ కాగితాన్నీ డాక్టరుగారి బల్ల మీదికి పంపలేదు.