తుపాకీ లేని పిడులు

పోయిన నెల ఒమాన్‌లో, సూర్ ఊళ్లో డ్యూటీలో ఉండగా అత్తయ్య ఫోన్ చేసింది. "మీ మామయ్య ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారురా" అంది. ఏడుపొచ్చింది. కానీ కారులో అల్ మవాలేలోని వాళ్ళింటికి చేరేదాకా ఆయన మాటలే గుర్తొచ్చి నవ్వూ ఆగలేదు. ఆయన అలాంటి మనిషి.

మామయ్య ఆసుపత్రిలో పళ్ళ సెట్లు తయారుచేసేవారు. సరదా మాత్రం పాత మిలిటరీ పిస్టళ్ళ పిడి చెక్కలు పోగుచేయడం. పిస్టల్ ఉండదు, తూటా ఉండదు. పిడికి రెండు పక్కలా స్క్రూలతో బిగించే ఆ రెండు చెక్కలే. మత్రా సూక్ బజారులో పాత సామాన్ల గుట్టలోంచి ఒకటి ఏరి, వాసన చూసి, "ఇది యుద్ధం చూడలేదురా, టీ డికాషన్ చూసింది" అని ఆ నకిలీని కొట్టువాడి చేతిలో మర్యాదగా పెట్టేసేవారు. ఒకసారి బొటనవేలు అరగదీసిన చోటు చూసి అది ఎడమచేతివాడిదని తేల్చారు. ఆ సంబరంలో అన్నం కూడా ఎడమచేత్తో తినబోయి అత్తయ్య చేత చీవాట్లు తిన్నారు.

"విశ్వాసికి ఈ ఆయుధాల పిచ్చేమిటండీ?" అని ఇక్కడ సెలవురోజైన శుక్రవారం ఆరాధనయ్యాక పాస్టర్ గారు అడిగారు.

"ఆయుధం వదిలేశానండీ, పట్టుకునే చోటే ఉంచుకున్నా" అన్నారు మామయ్య. పాస్టర్ గారు నవ్వేసి, ఓ జత చూపించమన్నారు.

జతలో ఒక చెక్క లేకపోతే ఆయనకు ముద్ద దిగేది కాదు. ముందు పన్ను ఊడిన మనిషిని చూసినట్టు జాలిపడి, పళ్ళ సెట్టుకు వాడే ముద్దతోనే రెండోది పోతపోసి, గీతలు చెక్కి, చెక్క రంగు వేసేవారు. ఏది పాతదో, ఏది ఆయన చేసిందో మాకు తెలిసేది కాదు. జతలన్నీ దిమ్మలకు బిగించి ఉంచేవారు, స్క్రూ మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవారు కాదు.

అక్కడే చిక్కొచ్చింది. తన తర్వాత అవన్నీ ఇబ్రి ఊళ్లోని ఒమానీ స్నేహితుడికి చేరాలని మామయ్య కోరిక. ఆ స్నేహితుడు తన అతిథుల గదిలో వాటికోసం అద్దాల బీరువా కూడా చేయించాడు.

"రేపు ఎవరైనా చూసి, నకిలీ సరుకు అంటగట్టి పోయాడంటే? పోయిన మనిషి వచ్చి చెప్పుకోలేరు కదరా" అని అత్తయ్య బెంగపెట్టుకుంది. నాకూ అదే దిగులు. జీవితమంతా నకిలీలను పట్టుకున్న మనిషికి ఆ మాట రాకూడదు.

నిన్న ఆ స్నేహితుడు వచ్చాడు. అత్తయ్య ఏదీ దాచకుండా చెప్పింది, నేను హిందీలో వినిపించాను. "విప్పి చూద్దాం భాభీ" అని ఆయనే స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

మొదటి జతలో రెండూ నల్లబడిన పాత చెక్కలే. రెండో జతలో ఒకదాన్ని ఆయన తిరగేశాడు. లోపలివైపు మామయ్య రంగే వేయలేదు. నిగనిగలాడే గులాబీ రంగు, అచ్చం చిగుళ్ళ రంగు. ఎవరైనా విప్పితే చాలు, ఇక మోసపోవడమన్నది లేదు.

ఇంకోటి విప్పాం. ఇంకోటి. భోజనాల బల్ల మీద నల్లటి చెక్కల మధ్య గులాబీ ముక్కలు పరుచుకున్నాయి. స్నేహితుడు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. ఈ నెలలో మొదటిసారి అత్తయ్య, కళ్ళు తుడుచుకుంటూనే, పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది.